నురగ ఎంత అని కాదు, ఎంతసేపు అని చూడండి

తడిగా ఉండకూడదు, పొడిగానూ ఉండకూడదు. అలాంటి ఆయుధం ఒకటి చెప్పండి చూద్దాం.

దేవాసుర యుద్ధంలో ఇంద్రుడికి వచ్చిన చిక్కు ఇదే. నముచి అనే రాక్షసుడికి తడి వస్తువుతోగానీ పొడి వస్తువుతోగానీ చావు లేదు. వజ్రాయుధం విసిరినా వాడి మెడ మీద గీత పడలేదు. అప్పుడు ఇంద్రుడు బాగా ఆలోచించి, నీటి నురగ తీసుకుని దాంతో వాడి తల తీసేశాడు. భాగవతం ఎనిమిదో స్కంధంలో ఉన్న కథ ఇది. ఋగ్వేదంలో కూడా దీని ప్రస్తావన ఉంది.

చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు నవ్వొచ్చేది. నురగతో తల తెగడమేంటి అని. ఇప్పుడు మాత్రం ఈ కథ అల్లినవాళ్లు నురగని ఎంత బాగా గమనించారో కదా అనిపిస్తుంది. గడ్డం గీసుకునే నురగని అరచేతిలో పెట్టుకుని చూడండి. చిన్న గుట్టలా నిలబడి ఉంటుంది, అచ్చం ఘనపదార్థంలా. వేలితో తోస్తే జారిపోతుంది, ద్రవంలా. తూకం వేస్తే ఏమీ ఉండదు, ఎందుకంటే అందులో చాలా భాగం గాలే. మూడు లక్షణాలూ ఒకదాంట్లో ఉన్న వస్తువు ఇంట్లో ఇంకేముంది?

అయితే ఈ వారం నేను చెప్పాలనుకున్నది నురగ ఎంత గొప్పదో అని కాదు. నురగ మనకి ఏం చెబుతోందో, అది మనం ఎందుకు వినిపించుకోవడం మానేశామో అని.

గాలి, నీళ్లు ఉంటే సరిపోదు

ఒక సీసాలో సగం దాకా మంచి నీళ్లు పోసి, మూత బిగించి గట్టిగా ఊపండి. బుడగలు వస్తాయి. ఊపడం ఆపగానే టపటపా పగిలిపోతాయి. ఎంత ఊపినా అంతే. శుభ్రమైన నీటికి నురగ కట్టే గుణం లేదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయి. అందుకే నీళ్లు ఎప్పుడూ తమ పైపొరని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తాయి. నురగ అంటేనేమో బోలెడంత పైపొర. నీళ్లకి అది బొత్తిగా ఇష్టం లేని పని.

ఇప్పుడు అదే సీసాలో ఒక్క చుక్క సబ్బు నీళ్లు వేసి ఊపండి. తేడా మీకే తెలుస్తుంది. సబ్బు అణువుకి రెండు కొసలు. ఒక కొసకి నీళ్లంటే ఇష్టం, రెండోదానికి నీళ్లంటే గిట్టదు. అందుకని అది లోపలా ఉండలేక, బయటికీ పోలేక, గాలికీ నీటికీ మధ్య గట్టు మీద కూర్చుంటుంది. నీటి పొర ఎక్కడైనా పలచబడి తెగబోతే, పక్కనున్న అణువులు నీళ్లని వెంటబెట్టుకుని అక్కడికి జరిగి ఆ చోటుని సరిచేస్తాయి. బుడగ కాసేపు బతుకుతుంది. కుంకుడుకాయలో ఉండే సపోనిన్లు, పాలల్లో ఉండే ప్రోటీన్లు చేసేది కూడా దాదాపు ఇదే పని.

అయినా ఏ నురగా శాశ్వతం కాదు. గోడల్లోని నీళ్లు నెమ్మదిగా కిందికి దిగిపోతాయి. చిన్న బుడగల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి వాటి గాలి పక్కనున్న పెద్ద బుడగల్లోకి పోతుంది. చిన్నవి మాయమై పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. చివరికి గోడలు తెగిపోతాయి. కాఫీ కప్పు ముందు పెట్టుకుని 10 నిమిషాలు ఓపిగ్గా చూస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది.

దీన్నిబట్టి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. నురగ పుట్టడానికి ఎవరైనా కలియబెడితే చాలు. నురగ నిలవడానికి మాత్రం నీళ్లలో నీళ్లు కానిది మరొకటి ఉండాలి. కాబట్టి ఎంత వచ్చిందో చూడటం కంటే, ఎంతసేపు ఉందో చూడాలి.

నీటి పైపొర మీద ఏం జరుగుతుందో కొలవడం నేర్పినవాళ్లలో ఒకావిడ యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదు. జర్మనీకి చెందిన ఆగ్నెస్ పోకెల్స్ 1862లో పుట్టారు. ఇంట్లో అమ్మానాన్నలని చూసుకుంటూ, అంట్లు తోముతూ, జిడ్డు నీటి పైపొర ఎలా మారుతోందో గమనించారు. వంటింటి సామానుతోనే కొలిచే తొట్టె ఒకటి తయారు చేసుకున్నారు. ఆ లెక్కలన్నీ ఇంగ్లండులో లార్డ్ రేలీకి ఉత్తరం రాశారు. జర్మన్ భాషలో ఉన్న ఆ ఉత్తరాన్ని రేలీ భార్య అనువాదం చేస్తే, 1891లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఈ రంగంలో 1932లో నోబెల్ అందుకున్న లాంగ్‌మ్యూర్ వాడిన తొట్టెకి మూలం ఈవిడ తొట్టే. ఈసారి సింకులో గిన్నెలు తోమేటప్పుడు ఒకసారి ఆవిణ్ణి తలుచుకోండి.

మా ఊరి నురగలు

ఘంటసాల అనగానే అందరూ "ఆ గాయకుడి ఊరా?" అని అడుగుతారు. ఆయన ఇంటిపేరు మా ఊరి పేరే గానీ, ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. బందరుకి పడమరగా, చల్లపల్లికి దగ్గరగా ఉంటుంది మా ఊరు. వరి, మినుము, చెరకు పండే నేల. నురగ గురించి మాట్లాడాలంటే ఈ మూడూ చాలు.

ముందు మినుము సంగతి చూద్దాం. కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు. మాగాణిలో మిగిలిన తడితోనే ఆ పంట పండిపోతుంది. ఆ మినప్పప్పు నానబెట్టి రుబ్బితే పిండి గుల్లగా పొంగి వస్తుంది కదా, అది నురగే. గారెలకి రుబ్బేవాళ్లు చిన్న ఉండ తీసి నీళ్లలో వేస్తారు. తేలితే రుబ్బడం చాలినట్టు, మునిగితే ఇంకా తిప్పాలి. పిండిలోకి గాలి సరిపడా ఎక్కిందా లేదా అని చెప్పే పరీక్ష ఇది. అమ్మమ్మలు ఏ పుస్తకంలోనూ చదవకుండా చేసేవారు.

ఇడ్లీ ఇంకో మెట్టు పైన. రాత్రంతా పిండి పులిసేటప్పుడు ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా గాలి పుట్టిస్తుంది. ఆ గాలిని పట్టి ఉంచేది ఇడ్లీ రవ్వ కాదు. మినప్పప్పులో ఉండే ప్రోటీన్లు, జిగురు పదార్థం. ఆవిరి తగలగానే బుడగల గోడలు ఉడికి గట్టిపడతాయి. అంటే మనం పొద్దున్నే తినేది గడ్డకట్టిన నురగ. మా వైపు ఆవిరి కుడుము అయితే మరీనూ, రవ్వ లేకుండా అంతా మినప్పిండే. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది.

చెరకు దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. బెల్లం వండేచోట రసం మరుగుతుంటే తెట్టు పైకి తేలుతుంది. రసంలోని మలినాలన్నీ ఆ తెట్టులో చేరతాయి. బెండకాయ మొక్కల జిగురు నీళ్లు పోస్తే ఇంకా బాగా చేరతాయి. దాన్ని గరిటెలతో తీసి పారేస్తారు. తర్వాత పాకం ముదిరేటప్పుడు పొంగి బయటికి పోకుండా నాలుగు చుక్కల నూనె వేస్తారు. అంతెత్తున లేచిన పొంగు ఠక్కున కూర్చుంటుంది. నూనె చుక్క బుడగ గోడ మీద పాకి, ఆ గోడని పట్టి ఉంచే అణువుల్ని పక్కకి నెట్టేస్తుంది మరి.

ఇదే సంగతి తలంటు రోజు కూడా చూస్తాం. నూనె పెట్టిన తలకి కుంకుడు పులుసు మొదటిసారి రుద్దితే నురగ రాదు. రెండోసారి రుద్దితే వస్తుంది. "నురగ వచ్చింది, ఇంక చాలు" అంటుంది అమ్మ. నురగ వచ్చిందంటే నూనె పోయిందని అర్థం. చూశారా, నురగ అక్కడ శుభ్రం చేసే పని చెయ్యట్లేదు, శుభ్రమైందని కబురు చెబుతోంది.

ఈ తేడా మనం మర్చిపోయాం. నురగ ఎక్కువొస్తే బాగా ఉతికినట్టు, బాగా తోమినట్టు అనుకుంటాం. కంపెనీలకి ఈ సంగతి తెలుసు కాబట్టి, నురగ పెంచడానికే కొన్ని పదార్థాలు కలుపుతారు. ముందు తలుపున్న వాషింగ్ మెషీన్లకి అమ్మే పౌడర్ మాత్రం కావాలనే నురగ తక్కువ వచ్చేలా చేస్తారు. బట్టలు ఒకదాని మీద ఒకటి పడి రుద్దుకోవాలంటే అక్కడ నురగ అడ్డం. మురికి వదిలించేది నీళ్లలో కలిసిన అణువులు, పైకి తేలిన బుడగలు కాదు.

సబ్బు ఇచ్చే సాక్ష్యం

దివిసీమ వైపు సంబంధం చూడటానికి వెళ్తే పెద్దవాళ్లు నీళ్ల గురించి అడిగేవారు. "మీ నీళ్లకి సబ్బు నురగ వస్తుందా? పప్పు ఉడుకుతుందా?" సముద్రం దగ్గర కాబట్టి చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో సబ్బు నురగ కట్టకుండా తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. ఆ నీళ్లతోనే పప్పు ఉడకడానికి గంటలు పడుతుంది. అందుకే కాలవ నీళ్లు నింపే మంచినీళ్ల చెరువు ఊరికి ప్రాణం.

ఇదేదో పల్లెటూరి నమ్మకం అనుకోకండి. 1841లో స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ నీటి కాఠిన్యం కొలవడానికి పెట్టిన పరీక్ష ఇదే. సీసాలో నీళ్లు పోసి, సబ్బు ద్రావణం కొద్దికొద్దిగా కలుపుతూ ఊపడం. నురగ 5 నిమిషాలు నిలిచేదాకా ఎంత సబ్బు పట్టిందో అదే లెక్క. ఎంత నురగ వచ్చిందని ఆయన చూడలేదు, ఎంతసేపు నిలిచిందని చూశాడు. మన ముసలమ్మల ప్రశ్నా, ఆయన ప్రశ్నా ఒక్కటే.

తర్వాత డిటర్జెంట్లు వచ్చాయి. ఉప్పు నీళ్లలోనూ అవి బ్రహ్మాండంగా నురగ కడతాయి. బట్టల సంగతి బాగుపడింది, కాదనను. కానీ నీళ్ల గురించి చెప్పే సాక్షి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఏ నీళ్లయినా ఒకే నురగ వస్తుంటే, ఇక మంచి నీళ్లేవో చప్ప నీళ్లేవో బకెట్టు చూసి ఎలా తెలుస్తుంది?

పాల విషయంలో ఆ సాక్షి ఇంకా ఉన్నాడు. గేదె పాలు పితికేటప్పుడు చెంబు నిండా వచ్చే నురగ పాలల్లోని ప్రోటీన్ల వల్ల వచ్చేది, అది కాసేపటికి అణుగుతుంది. పాలల్లో డిటర్జెంట్ కలిపారేమోనని అనుమానం వస్తే, ఆహార భద్రత సంస్థ చెప్పిన చిన్న పరీక్ష ఉంది. 5 నుంచి 10 మిల్లీలీటర్ల పాలకి అంతే నీళ్లు కలిపి బాగా ఊపండి. మంచి పాలైతే పైన పలచటి నురగ పొర వస్తుంది. డిటర్జెంట్ ఉంటే దట్టమైన సబ్బు నురగ కడుతుంది. రెండు నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు.

చెరువు మూలన తెల్లగా

ఇప్పుడు అసలు కథకి వద్దాం. మా ఊరి నుంచి దక్షిణానికి, సముద్రం వైపు పోయేకొద్దీ పొలాలు తగ్గి చెరువులు పెరుగుతాయి. నాగాయలంక, కోడూరు, ఇటు బందరు దాటి కృత్తివెన్ను, బంటుమిల్లి దాకా. 2009లో వనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చాక ఈ చెరువుల లెక్కే మారిపోయింది. ఒక్కో చెరువులో పెట్టుబడి లక్షల్లో ఉంటుంది. అది పోవడానికి ఒక్క రాత్రి చాలు.

మా పెదనాన్న కొడుకు నాగాయలంక వైపు చెరువు చేస్తాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఉదయం 6 గంటలకే గట్టు మీదకి తీసుకెళ్లాడు. రాత్రంతా ఏరియేటర్లు తిరిగాయి. గాలివాటాన ఒక మూలకి నురగ కొట్టుకొచ్చి మూరెడు వెడల్పున పేరుకుంది. అన్నయ్య వంగి కాస్త నురగ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు.

"అన్నయ్యా, ఇదంతా తీసి పారేయొచ్చు కదా? దీనికి మందు కూడా అమ్ముతారంటగా?" అన్నాను.

"తీస్తే ఏమొస్తదిరా? రేపు తెల్లారేసరికి మళ్లీ ఇంతే ఉంటది. నురగ చెరువుకి రోగం కాదు, రోగం ఉందని చెప్పే మనిషి. ఆ మనిషి నోరు మూయిస్తే నష్టం ఎవరికి?" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం మేత ఆపించాడు. నీళ్లు పరీక్షకి పంపించాడు.

ఆయన మాటల వెనక ఉన్న సంగతి ఇది. చెరువు నీళ్లు పచ్చగా ఉండటానికి కారణం ప్లాంక్టన్, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. పగలు ఎండలో అది ప్రాణవాయువు తయారు చేస్తుంది. రాత్రి తనే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ ఉంటుంది. దాన్నే రైతులు డీఓ అంటారు. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి దిగకుండా చూసుకోవాలని చెబుతారు. నాలుగు రోజులు మబ్బు పట్టినా, పెద్ద వాన పడినా నాచు ఒక్కసారిగా చచ్చిపోవచ్చు. చచ్చిన నాచులోంచి ప్రోటీన్లు నీళ్లలోకి దిగుతాయి. మిగిలిపోయిన మేత, రొయ్యల మలం కూడా తోడవుతాయి. ఏరియేటర్ చక్రాలు ఈ ప్రోటీన్ల నీళ్లని కవ్వంతో చిలికినట్టు చిలుకుతాయి. నురగ కడుతుంది, నిలుస్తుంది.

చక్రం తిరిగినంతసేపూ కాస్త తెల్ల నురగ రావడం మామూలే. చక్రానికి నాలుగు అడుగుల దూరంలోనే అది విరిగిపోతుంటే భయం లేదు. గంటల తరబడి మూలన పేరుకుని, జిగురుగా, గోధుమ రంగుకి తిరుగుతుంటే మాత్రం నీళ్లలో కుళ్లే సరుకు పెరిగిందని అనుమానించాలి. ఆ సరుకు కుళ్లడానికి ప్రాణవాయువు కావాలి. అంటే రొయ్యకి అందాల్సింది దానికి పోతుంది. పైగా అమ్మోనియా పెరుగుతుంది. ఆ రాత్రి కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే తెల్లారేసరికి రొయ్యలు గట్టు అంచుకి తేలతాయి.

నురగ విరగ్గొట్టే మందు చల్లితే చెరువు పైకి అద్దంలా కనిపిస్తుంది. లోపల లెక్క మారదు. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో దీనికి సరిగ్గా సరిపోయే జబ్బు ఒకటుంది. అర్ధరాత్రి సర్వర్ నుంచి అలర్ట్ మెసేజ్‌లు వస్తుంటే, నిద్ర చెడుతోందని అలర్ట్‌ని మ్యూట్ చేసి పడుకునేవాళ్లు ఉంటారు. పొద్దున్నకి మెసేజ్‌లు ఉండవు, సర్వరూ ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నురగ సాక్షి మాత్రమే, తీర్పు చెప్పే జడ్జి కాదు. డీఓ, అమ్మోనియా, పీహెచ్ కొలిచి చూసుకోకుండా నురగ చూసి మందులు కొనేస్తే అదీ దండగే. అదే నురగని తెలివిగా వాడుకునే పద్ధతి కూడా ఉంది. నీటిని తిప్పి తిప్పి వాడే హేచరీల్లో ప్రోటీన్ స్కిమ్మర్ అనే గొట్టం పెడతారు. అందులో కావాలనే గాలి ఊది నురగ తెప్పించి, ఆ నురగతో పాటు ప్రోటీన్ మలినాలని బయటికి తోడేస్తారు. బెల్లం బాన దగ్గర గరిటెతో తెట్టు తీసే పనికి ఇది యంత్రం రూపం.

మరి సముద్రం సంగతేంటి అంటారా? హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట అలల అంచున వచ్చే నురగ కూడా చాలావరకు ప్లాంక్టన్ విడిచిన పదార్థాల వల్లే. ఉప్పు నీళ్లలో బుడగలు ఒకదాంట్లో ఒకటి తొందరగా కలిసిపోవు కాబట్టి సముద్రపు నురగ మెత్తగా, సన్నగా ఉంటుంది. అది ప్రకృతి సహజం. కానీ 2019 చివర్లో చెన్నై మెరీనా బీచ్ పొడుగునా తెల్లటి నురగ పేరుకుంటే, పిల్లలు అందులో ఆడుకుంటుంటే, అధికారులు దూరంగా ఉండమని చెప్పాల్సి వచ్చింది. వానలకి ఊరి మురుగంతా సముద్రంలో కలవడమే దానికి కారణమన్నారు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. వెనకున్న సరుకు వేరు.

నగరంలో మంచు పడింది

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దగ్గర ధరణీనగర్ అని ఉంది. పెద్ద వాన పడితే అక్కడి నాలా పొంగి, నురగ మనిషెత్తున రోడ్డు మీదకొచ్చి ఇళ్ల గుమ్మాల దాకా వచ్చిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. చూసేవాళ్లకి కశ్మీర్, ఉండేవాళ్లకి కంపు, దురదలు. బెంగళూరులో బెళ్లందూరు చెరువు మీద నురగ గాలికి లేచి రోడ్డు మీద బండ్లని కప్పేసేది. 2015లో ఆ నురగకి నిప్పు కూడా అంటుకుంది. నీళ్ల మీద మంట! ఢిల్లీలో యమున మీద ఛఠ్ పూజ చేసుకునే ఆడవాళ్లు నురగ మధ్యలో నిలబడిన ఫొటోలు ఏటా వస్తాయి.

వీటి వెనకున్న కారణం దాదాపు ఒకటే. ఇళ్ల నుంచి వచ్చే సబ్బు, డిటర్జెంట్ నీళ్లు, మురుగు, కొన్నిచోట్ల ఫ్యాక్టరీ వ్యర్థాలు శుద్ధి కాకుండా చెరువులో చేరతాయి. ఎక్కడో తూము దగ్గర ఎత్తు నుంచి పడగానే గాలి కలిసి నురగ లేస్తుంది. మనం బాత్రూంలో "అబ్బ, ఎంత నురగో" అని మురిసిపోయింది ఎక్కడికీ పోలేదు. ఊరి చివర చెరువు దగ్గర మన కోసం వెయిట్ చేస్తోంది.

దీనికి మందు లేదా అంటే, ఉంది, ఒకసారి పనిచేసింది కూడా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన డిటర్జెంట్లలో ఒక రకం అణువుని బ్యాక్టీరియా తినలేకపోయేది. దాని తోక కొమ్మలు కొమ్మలుగా ఉండేది. యూరప్‌లో, అమెరికాలో నదులు నురగతో నిండిపోయాయి. జర్మనీ 1961లో చట్టం చేసింది, 1964 నుంచి అమలు చేసింది. అమెరికా కంపెనీలు 1965 నాటికి తోక నిటారుగా ఉండే అణువుకి మారాయి. దాన్ని బ్యాక్టీరియా సులభంగా తినగలదు. నదుల మీద నురగ తగ్గింది. అంటే వాళ్లు నురగ మీద మందు చల్లలేదు, నురగ చెప్పిన మాట విని సరుకు మార్చారు. మన దగ్గర ఇప్పుడు వాడే అణువు కూడా చాలావరకు ఆ నిటారు రకమే. అయినా మురుగుని శుద్ధి చేసే ప్లాంట్ దాకా నీళ్లు చేరకపోతే ఆ బ్యాక్టీరియాకి పని చేసే అవకాశం ఎక్కడ?

నురగ మరీ నిలిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి థర్మోకోల్ ఉంది. అది కూడా నురగే, ప్లాస్టిక్ నురగ. అందులో 98 శాతం దాకా గాలే. ఆ గాలి కదలదు కాబట్టి వేడి లోపలికి రాదు. ఐసు వేసి థర్మోకోల్ పెట్టెల్లో సర్దబట్టే బందరు చేప, దివిసీమ రొయ్య చెడిపోకుండా దూరం ఊళ్లకి వెళ్తున్నాయి. కానీ సబ్బు బుడగకున్న మంచి గుణం, అంటే తన పని అయ్యాక పోవడం, దీనికి లేదు. విరిగిన పెట్టె కాలవలో పడితే తెల్లటి పూసలుగా రాలి ఏళ్లు ఉంటుంది.

ఊపిరిలో ఉన్నది

చివరిగా ఒక నురగ కథ చెప్పి ముగిస్తాను. ఇది చదివినప్పటి నుంచి నాకు నురగ అంటే గౌరవం పెరిగింది.

1950లలో ఇంగ్లండులో రిచర్డ్ ప్యాటిల్ అనే శాస్త్రవేత్త విషవాయువుల వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు మీద పనిచేస్తున్నాడు. ఆ జబ్బులో రోగి నోటి నుంచి నురగ వస్తుంది. నురగని విరగ్గొడితే ఊపిరి ఆడుతుందేమోనని ఆయన నురగ విరిచే మందులు వేసి చూశాడు. రక్తద్రవం నుంచి వచ్చిన బుడగలు పగిలాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన బుడగలు మాత్రం పగలలేదు, గంటల తరబడి అలాగే ఉన్నాయి. వేరేవాళ్లయితే మందు పనిచెయ్యలేదని రాసుకుని వదిలేసేవారు. ఆయన మాత్రం "ఇవి ఎందుకు నిలుస్తున్నాయి?" అని అడిగాడు. ఊపిరితిత్తుల లోపలి గోడలకి నీటి లాగుడుని దాదాపు సున్నాకి తగ్గించే పొర ఏదో ఉందని 1955లో ప్రకటించాడు.

మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకి పైగా చిన్న గాలితిత్తులు ఉన్నాయి. చిన్న బుడగ గాలి పెద్ద బుడగలోకి పోతుందని పైన చెప్పుకున్నాం కదా. ఆ పొర లేకపోతే చిన్న తిత్తులన్నీ ముడుచుకుపోతాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఊపిరి అందక చనిపోవడానికి కారణం ఆ పొర ఇంకా తయారు కాకపోవడమేనని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ నిరూపించారు. అయినా మందు రావడానికి చాలా కాలం పట్టింది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు రెండు రోజులకే ఈ జబ్బుతో చనిపోయాడు. అంత అధికారం ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయారు. 1980లో జపాన్ డాక్టర్ ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన పదార్థాన్ని 10 మంది శిశువుల ఊపిరితిత్తుల్లోకి గొట్టం ద్వారా పంపి, ఫలితం చూపించింది. ఇవాళ మన పట్టణాల్లోని నవజాత శిశువుల ఐసీయూల్లో కూడా సర్ఫక్టెంట్ పేరుతో ఆ మందు ఉంది. మీకు తెలిసిన ఏ ఏడో నెల బిడ్డో ఇప్పుడు బడికి వెళ్తున్నాడంటే, అందులో ఒక పగలని నురగ పాత్ర ఉండొచ్చు.

కాబట్టి ఈసారి ఎక్కడ నురగ కనిపించినా, ఫొటో తీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చిలికారు? ఎంతసేపు నిలిచింది? ఏం ఉండబట్టి నిలిచింది? మొదటిదానికి జవాబు చక్రమో, అలో, తూమో అయ్యుంటుంది. రెండోది చేతి గడియారం చెబుతుంది. మూడోదానికి జవాబు తెలిస్తే పాలు కొనాలో వద్దో, చెరువులో మేత వెయ్యాలో ఆపాలో, మునిసిపాలిటీ వాళ్లని ఏమని నిలదీయాలో తెలుస్తుంది.

నురగని తుడిచేయడం తేలికే. దానికి ముందు అది చెప్పేది ఒక్కసారి విందాం.